కూర్చుని కోసే రంపం

మా బాబాయి వడ్రంగి. నాలుగేళ్ళుగా చక్రాల కుర్చీలోంచే పని. "ఆ టేబుల్ సా ఎత్తు కాస్త తగ్గించి పెట్టరా, చాలు" అన్నాడు. నిలబడి కోసేవాళ్ళ కోసం చేసిన బల్ల కదా, 34 అంగుళాలుంది. నాలుగంగుళాలు తగ్గించడం సులువే. కానీ బల్ల కింద మోటారుంటే మోకాళ్ళెక్కడ పెట్టాలి? (మన క్లయింట్ల రిక్వైర్‌మెంట్లూ ఇలాగే ఒక్క లైనులో వస్తాయి లెండి!)

అందుకని బ్లేడుకి ఎడమవైపు ఇంకో బల్ల బిగించాం. కింద 27 అంగుళాలు ఖాళీ, కుర్చీ హాయిగా దూరుతుంది. ఇంకో సంగతి. చెక్క బ్లేడుకీ ఫెన్సుకీ మధ్య ఇరుక్కుంటే వెనక్కి ఎగిరొస్తుంది. నిలబడ్డవాడికి పొట్టలో తగిలేది కూర్చున్నవాడికి గుండెకో మొహానికో తగులుతుంది. పక్కకి కూర్చుంటే ఆ దారిలోంచి తప్పుకున్నట్టే. అయినా బ్లేడు వెనకుండే రివింగ్ నైఫ్ తియ్యొద్దని గట్టిగా చెప్పాను. చెక్కని తొయ్యడానికి పొడుగాటి కర్ర సరేసరి.

అసలు చిక్కు స్విచ్చితోనే. నిలబడ్డవాళ్ళు చేతులు చెక్క మీదే ఉంచి తొడతో నొక్కి ఆపేస్తారు. బాబాయికి ఆ వీల్లేదు. మోచేతికి అందేలా పెద్ద ఎర్ర స్విచ్చి బల్ల అంచుకి తెచ్చాం. కరెంటు పోయొస్తే దానంతటదే తిరగని రకం, మా ఊళ్ళో అది తప్పనిసరి.

పొడుగు చెక్కలకి మాత్రం అవతలివైపు పిన్ని ఉండాల్సిందే. లాగదు, ఊరికే మోస్తుందంతే.