స్లాబుకు ఆదివారం లేదు

అతను హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో ప్రోగ్రామరు. ఆఫీసు పనులన్నీ ఓ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. పని పేరు, చేసేవాళ్ల పేరు, గడువు తేదీ... అంతే. ఏది ఆలస్యమైతే ఏది ఆగిపోతుందో ఎవరికీ తెలిసేది కాదు. 'దీనికో గాంట్ చార్ట్ తయారుచెయ్యి' అన్నాడు మేనేజర్.

గాంట్ చార్ట్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. పైన తేదీలు, పక్కన పనుల పేర్లు. ఒక్కో పనికీ ఒక్కో అడ్డపట్టీ. ఎన్ని రోజుల పనైతే అంత పొడవు. అమెరికన్ ఇంజినీరు హెన్రీ గాంట్ 1910ల్లో దీన్ని వాడుకలోకి తెచ్చాడు. 1896లోనే పోలండ్ ఇంజినీరు కరోల్ అడమియెట్స్కి ఇలాంటిదే గీశాడు.

పట్టీలు గీయడం రెండు రోజుల్లో అయిపోయింది. చిక్కంతా వాటిని కలిపే బాణం గీతలతోనే. ఒక పని ఆలస్యమైతే, దానికోసం ఆగినవన్నీ వాటంతటవే తర్వాతి తేదీలకు జరగాలి. మొదటిది రెండోదాని కోసం, రెండోది మొదటిదాని కోసం ఆగాలని పొరపాటున పెడితే కంప్యూటరే బిగుసుకుపోయింది! అదీ సరిచేశాడు. ఆదివారాలు లెక్కలోకి రాకుండా చూశాడు.

సరిచూసుకోవడానికి ఇంటి పనే దొరికింది. తెనాలిలో వాళ్ల నాన్న మేడమీద వాటా వేయిస్తున్నారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. నాయనమ్మ ఉండగానే అవ్వాలని ఆయన తాపత్రయం. అతను పనులన్నీ చార్టులో పెట్టి, బొమ్మ ఫోనుకు పంపాడు. సాయంత్రానికే ఫోనొచ్చింది.

"ఒరేయ్, శనివారం స్లాబు, సోమవారం లోపల ప్లాస్టరింగా? పచ్చి స్లాబు కింద సెంట్రింగ్ ఎవరు విప్పుతార్రా? మన గది వెడల్పుకి రెండు వారాలన్నా ఉంచాలన్నాడు మేస్త్రీ."

"సరే నాన్నా, పన్నెండు పనిదినాలు పెడతా."

"పనిదినాలేంటి? ఆదివారం మేస్త్రీకి సెలవుగానీ స్లాబుకా? మడులు కట్టి రోజూ నీళ్లు పెట్టాల్సిందే."

అతనికి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆలోచనా వచ్చింది. మనిషి చేయి పెట్టకపోయినా కాలం తన పని తాను చేసుకునే రోజులు అతని చార్టులో లేవు. ఆ రాత్రే పట్టీల మధ్య 'ఆగాల్సిన రోజులు' చేర్చాడు. వాటికి సెలవులతో నిమిత్తం లేదు. స్లాబు తర్వాత 14 పెట్టగానే చివరి పట్టీ ముహూర్తం దాటిపోయింది.

మౌసుతో ఆ 14ని 5 చేయడం క్షణంలో పని. చేయి అటే వెళ్లింది. కానీ ఆపుకున్నాడు. దాని బదులు తలుపులు, కిటికీల పనినీ, కింది వాటా రంగుల్నీ ఆ ఖాళీ రోజుల్లోకి తెచ్చి పక్కపక్కన పేర్చాడు. అప్పటికీ పై వాటా రంగులు మిగిలిపోయాయి. రంగుల్లేని గోడల మధ్యే నాయనమ్మ పొయ్యి వెలిగించింది. పాలు పొంగాయి.

తర్వాతి వారం ఆఫీసులో, కస్టమర్ వాడి చూసి చెప్పడానికి ఇచ్చిన 10 రోజుల్ని మేనేజర్ మౌసుతో కుదించబోయాడు. పట్టీ కదల్లేదు. కారణం రాయమంటూ ఓ గడి తెరుచుకుంది.

"ఇదేంటయ్యా, జరగదే?"

"అది పచ్చి స్లాబు సార్" అన్నాడతను.