ఊపిరి లెక్క

మనలో రోగి యొద్దకు వచ్చు బంధువులకు కొఱత లేదు. కొబ్బరిబోండములు తెచ్చువారు, తమ ఆపరేషనుల కథలు చెప్పువారు, మంచము కొనను కూర్చుండి కునుకుపాట్లు పడువారు, అందఱు నుందురు. రోగిని చూచువారు మాత్ర మరుదు. ఇది పరనింద కాదు. 2019వ సంవత్సరమున మా యన్నగారి మంచము ప్రక్కను నేను అయిదు రాత్రులు కూర్చుంటిని. అయిదు రాత్రులును ఆయనను చూడలేదు.

ఆయనకు ప్రేగులో నొక భాగమును తీసివైచి కొనలు కలిపి కుట్టిరి. శస్త్రచికిత్స చక్కగ జరిగినదని వైద్యులు చెప్పగా, ఇంక గాయము మానుటయే తరువాయి యని మేము నిశ్చింతగా నుంటిమి. అయిదవ రాత్రి ఆయనకు చిరాకు హెచ్చెను. దుప్పటి త్రోసివేయును, మరల కావలె ననును, వదినెగారిని కసరును. మొదటినుండియు ముక్కోపియే కదా యని మేము నవ్వుకొంటిమి.

రెండుగంటల వేళ నర్సు వచ్చెను. ఇరువదియైదేండ్ల పిల్ల. అన్నగారి మణికట్టు పట్టుకొని గడియారము చూచుచు నిలిచెను. అప్పుడే కన్ను మూసిన యాయన కదలిరి. నేను మండిపడితిని. “నిద్రపోయేవాణ్ణి లేపడానికేనా మీకు జీతం?” అంటిని. కాళిదాసును బోధించు నోటితోనే యంటిని. ఆమె బదులు పలుకలేదు. అది పొగరనుకొంటిని. ఆమె ఊపిరులు లెక్కించుచుండెనట. నడుమ మాటాడిన లెక్క తప్పును.

నిమిషము నిండిన పిదప “26” అనెను. సాయంకాలము 18 మాత్రమే. నాడి 84 నుండి 116కు పెరిగినది. రక్తపుపోటు బాగుగనే యున్నదే, జ్వరము నూఱు దాటలేదే యని నేను వాదించితిని. “బీపీ పడేసరికి ఆలస్యమైపోతుంది మాస్టారూ. ఊపిరి ముందే చెబుతుంది” అని, మూత్రము ఎప్పుడు పోసినారని యడిగెను. మాలో నెవరికిని తెలియదు. విద్యార్థి వ్రాతలో నొక్క దీర్ఘము తప్పినను పట్టుకొందునని నాకు గర్వము! ఆమె కడుపుపై చేయి వైచి చూచెను. బల్లవలె గట్టిపడి యున్నది. ఫోనులో వైద్యుడు తెల్లవాఱనిమ్మనగా, ఆమె యంకెలు మరల మొదటినుండి చదివెను. తెల్లవాఱకమునుపే రెండవసారి కడుపు తెఱచిరి. లోపలి కుట్టు విడిపోయినది.

రోగిని పరిశీలించుట యను దానికి ఫ్లారెన్సు నైటింగేలు 1859 నాటి తన గ్రంథమున నొక యధ్యాయమే కేటాయించెను. 2012లో లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్సువారు ఈ చూపునకు అంకెల రూప మిచ్చిరి. ఊపిరులు నిమిషమునకు 25 గాని, అంతకు మించి గాని యున్నచో 3 గుణములు. అట్టి 3 ఒక్క దానియందు వచ్చినను వెంటనే వైద్యుని పిలువవలెను. మొత్తము 7 అయినచో అత్యవసరము. ఈ పద్ధతిలో గొప్ప యంత్ర మేదియు లేదు. ఊపిరి లెక్కకు కావలసినది గడియారము, నిమిషము సేపు ఓపిక. ఆ నిమిషమునే మనము సూది వేయు పనికత్తె విసిగించుట యనుకొందుము. ఆ వృత్తిలోని పిల్లకు సంబంధము చూచునపుడు నోరు చప్పరింతుము.

అన్నగారు నెల దాటిన పిదప నింటికి వచ్చిరి. ఆ యేడే నా యొద్ద చదివిన యొక బాలిక నర్సింగులో చేరుదు ననగా, ఆమె తండ్రి నన్ను సలహా యడిగి యుండెను. మొన్న సంతలో నాతడు కనబడి, “మీ మాట మీద బి.కాం. చదివించామండి, మాస్టారూ” అని చేతులు జోడించెను.