రథమున కెంత చక్రము?

ఉన్నదానిని మార్చవలయునా, మార్పక యుంచవలయునా యను వివాదము మన యిండ్లలో వివాహములను గూర్చియు, చదువులను గూర్చియు, వేషభాషలను గూర్చియు దఱచుగా జరుగుచునే యుండును. అట్టి వివాదమే యొకటి మా కుటుంబమున నొక కారు చక్రములను గూర్చి జరిగినది. చదువరులు నవ్వవచ్చును. కాని గంటకు నూఱు కిలోమీటర్ల వేగమున బోవు బండికిని భూమికిని గల సంబంధమంతయు నాలుగు టైర్ల క్రింద, ఒక్కొక్కచోట నించుమించుగా నఱచేయి యంత మేరలో మాత్రమే యున్నదని తలంచినచో ఆ నవ్వు కొంత తగ్గును.

మా మేనల్లుడు అమెరికాలో నుద్యోగము చేయుచున్నాడు. తన సంపాదనతో మజ్దా మియాటా యను రెండు సీట్ల చిన్న కారు నొకదానిని, ముప్పదియేండ్లు దాటినదానిని, కొనినాడు. దానికి 17 అంగుళముల చక్రములు తొడిగి, బండిని మూడంగుళములు క్రిందికి దింపవలెనని యాతని కోరిక. మా యక్కగారు "చేసినవారు తెలియక చేసిరా? దానిని ముట్టవలదని నీవైనను వానికి జెప్పు, తమ్ముడా!" యనిరి. అతడో, "మామయ్యా! అమ్మకు భయము, మీరైన నాలోచించి చెప్పుడు. నలుగురు తమ బండ్లతో జేరుచోట నా బండి మేక కాళ్లపై నిలిచినట్లుండుట నాకు సిగ్గుగా నున్నది" అని వ్రాసెను.

మా వృత్తి భాషాబోధనము, యంత్రశాస్త్రము గాదు. ఐనను తొమ్మిదవ తరగతి బాలుడు చేయదగిన గణితమే యీ తగవున సగమును దీర్పగలదని చదివిన కొలది మాకు దోచినది.

మొదట నా బండి యెందులకు బుట్టినదో తెలియవలయును. అది 1989 ఫిబ్రవరిలో చికాగో మోటారు ప్రదర్శనమున లోకమునకు జూపబడినది. దాని నిర్మాణమునకు నాయకుడైన తొషిహికో హిరాయ్ గారు "జింబా ఇత్తాయ్" అను జపాను మాటను దమకు లక్ష్యముగా నుంచుకొనిరి. గుఱ్ఱమును రౌతును నేకశరీరమగుట యని దాని యర్థము. ఈ భావము మనకు గ్రొత్త గాదు. భారతమున ఋతుపర్ణుని రథమునకు నలుడు గుఱ్ఱముల నేర్చుచు, రాజు కంటికి బక్కచిక్కినవిగా గనబడినవానినే గుణ మెఱిగి కైకొనెను గదా! ఈ కారును నట్టిదే. బరువు సుమారు వేయి కిలోలు, ఇంజను చిన్నది, చక్రములు 14 అంగుళములవి. వేగముకంటె వశ్యత దాని గుణము. కావున నే మార్పునైనను ఆ గుణమును బెంచునా, తగ్గించునా యను ప్రశ్నతోనే చూడవలయును.

ఆ బండికి మొదట వచ్చిన టైరుపై 185/60ఆర్14 అని యుండును. 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అనగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటి కఱువది వంతులు. అనగా 111 మిల్లీమీటర్లు. 14 రిమ్ము వ్యాసము, అంగుళములలో. పైగోడయు గ్రిందిగోడయు గలిపి 222, రిమ్ము 355.6, మొత్తము వ్యాసము 577.6 మిల్లీమీటర్లు. మా మేనల్లుడు కోరినది 205/40ఆర్17. దీని గోడ 82 మాత్రమే. మొత్తము వ్యాసము 595.8. మొదటిదానికంటె 18 మిల్లీమీటర్లు పెద్దది. నూటికి మూడుపాళ్లు హెచ్చు. వేగసూచి నూఱు చూపుచుండగా బండి నూటమూడు పోవుచుండును. అంతేకాదు, చక్రము పెద్దదైనకొలది ఇంజను లాగుడు తగ్గును. చిన్న యింజనునకు నూటికి మూడుపాళ్ల నష్టము స్వల్పము గాదు.

పెద్ద రిమ్మునందు నిజమైన ప్రయోజనము లేదా? కలదు. పెద్ద బ్రేకులు బిగించినచో వానికి లోపల జోటు కావలయును. గోడ పొట్టిదైనచో మలుపున దక్కువగా వంగును. స్టీరింగు త్రిప్పినది వెంటనే తెలియును. కాని యీ లాభమునకు వెల కలదు. స్ప్రింగునకు బైన నున్న బరువును స్ప్రింగు మోయును. క్రింద నున్న చక్రపు బరువును మోయువారు లేరు. చక్రము బరువెక్కినచో ప్రతి గతుకునకును ఎగిరి, తిరిగి నేలను బట్టుటకు జాగు చేయును. ఆ బరువు ఇరుసునకు దూరముగా అంచున నున్నచో త్రిప్పుటకును ఆపుటకును మఱింత శ్రమ. టైరు గోడలోని గాలియే తొలి స్ప్రింగు. దానిని 111 నుండి 82కు దగ్గించినచో గుంతలో బడినప్పుడు రిమ్మే వంగును. కావున బ్రేకులకు జాలునంతటి చిన్న చక్రమే తేలిక బండికి మేలైనదని మా మేనల్లునికి వ్రాసితిమి. ఆతని బ్రేకులు మొదటివే గనుక 14 అంగుళములే చాలును. కాని యా కొలతలో నేడు మంచి టైర్లు అరుదు. 195/50ఆర్15 అన్నచో వ్యాసము సరిగా 576.0 మిల్లీమీటర్లు. మొదటిదానికిని దీనికిని ఒకటిన్నర మిల్లీమీటరుకంటె భేదము పెద్దగా లేదు. వేగసూచి యబద్ధమాడదు, లాగుడు తగ్గదు, టైరు కొంచెము వెడల్పగును.

ఇక నెత్తు మాట. బండిని దించినచో దాని గురుత్వకేంద్రము దిగును. మలుపున లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములపైకి బోవు భారము తగ్గును. నాలుగు టైర్లును పనిచేయును. ఇది సత్యము. కాని యీ సత్యమునకు మేర కలదు. ఈ కారున నాలుగు చక్రములను బైని యొక భుజమును గ్రింద నొక భుజమును బట్టియుండును. బండి మితిమీఱి దిగినచో ఆ భుజములు చక్రమువైపున బైకెత్తుకొనును. అప్పుడు బండి యొఱగుట కాధారమైన యూహాబిందువు, ఇంజనీర్లు రోల్ సెంటర్ అనునది, గురుత్వకేంద్రముకంటె త్వరగా దిగిపోవును. అందుచేత దిగిన బండియే మఱింత యొఱగజూచును! చక్రములు తలలు లోపలికి వాల్చును. టైరు లోపలియంచు ముందుగా నరుగును. అన్నిటికంటె ముఖ్యము, స్ప్రింగు కుదియుటకు జోటుండదు. మలుపు నడుమ నొక గతుకు దగిలినంతనే బండి రబ్బరు దిమ్మలపై గూర్చుండును. మెత్తగా నున్న స్ప్రింగు రాయివలె నగును. టైరు పట్టు తప్పును. రాత్రి వానలో నిట్లయినచో ఎదుట వచ్చు బండిలోని పసిబిడ్డ యేమి పాపము చేసినది? మా యక్కగారి భయమునకు మూల మిదియే. ఆమెకు దానిని చెప్ప మాటలు మాత్రము లేవు.

ఈ రెండు కొలతలను వేఱు ప్రశ్నలుగా దలంచుట యందే పొరపాటు పుట్టుచున్నది. పెద్ద టైరు చక్రమధ్యమునుండి తొమ్మిది మిల్లీమీటర్లు పైకి బెరుగును; బండి మూడంగుళములు, అనగా 76 మిల్లీమీటర్లు, క్రిందికి దిగును. రెండును కలిసి మడ్‌గార్డు క్రింది చోటులో 85 మిల్లీమీటర్లను మ్రింగివేయును. ఒక్క కుంచమునకు రెండు పుట్లవారు పోటీపడినట్లు! అందుచేత నెత్తును నేలనుండి కొలువక, చక్రమధ్యమునుండి మడ్‌గార్డు అంచువఱకు గొలువవలయును. అప్పుడు టైరు మార్పు లెక్కను జెఱుపదు. ఒక యంగుళము దింపుట, దానికి దగిన స్ప్రింగులును షాక్ అబ్జార్బర్లును వేయుట, భుజముల రబ్బరు బుషులు మెలిపడకుండ వాని బోల్టులను బండి క్రొత్త యెత్తున నిలిచిన పిదపనే బిగించుట, చక్రముల వాలును సరిచూపించుట: ఇంతవఱకు మేలు.

ఈ మాట లన్నియు మా యక్కగారికిని జెప్పితిమి. "చేసినవారిదే వేదము" అను నామె మాటను మాత్రము మే మంగీకరింపలేదు. చేసినవారు దొడ్డవారే, కాని వారు ఎల్లవారికిని, ఎల్ల బాటలకును, అమ్మకపు ధరకును సరిపడునట్లు రాజీపడి చేసినవారు. 1998లో వెలువడిన రెండవ తరపు బండ్లలో గొన్నింటికి వారే 195/50ఆర్15 టైర్లు వేసిరి. చేసినవాడే మార్చుకొనినదానిని మనము తాకరానిదిగా బూజించుట భక్తి గాదు, బద్ధకము. ఆమె కొంతసే పూరకుండి, "కొలిచి చేసిన సరే" యనిరి.

మా మేనల్లుడు మాత్రము వెంటనే లొంగలేదు. "మామయ్యా! మీ లెక్క సరియే. కాని పదునైదంగుళముల చక్రములు చూచి మిత్రులు నవ్వుదురు" అని వ్రాసెను. మే మిట్లు బదులు వ్రాసితిమి: "నవ్వువారు నిలిచియున్న బండిని జూతురు, నీవు కదలుచున్న బండిలో గూర్చుందువు. వారికొఱకు నీవు చక్రములు కొనినచో ఆ బండి నీది గాదు, వారిది." అతడు నెల్లాళ్లు ఆలోచించి పదునైదే కొనెను; అంగుళముకంటె గొంచెము హెచ్చుగా దింపెను. ఆ కొంచెమును యౌవనమునకు విడిచితిమి.

ఈ చిత్రములను ఫోనులో జూచి మన యూళ్ల బాలురును బండ్లను మార్చుచున్నారు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, నమోదు పత్రములోని వివరములు తయారీదారుడు చెప్పినవానితో భేదించునట్లు యజమాని బండిని మార్చరాదని శాసించుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఆ నియమమును గట్టిగా నిలిపినది. తలిదండ్రులు వారిని గద్దించి యూరకుండక, టైరుపై నంకెలను వారిచే జదివించి, వ్యాసము లెక్క కట్టింపవలయును. సంస్కారమనగా నున్నదానిని బాగుచేయుట. దేనిని బాగుచేయుచున్నామో, ఎంతవఱకో, దానివలన బ్రక్కనున్న దేది చెడునో యెఱుగక చేసిన మార్పు, చక్రమున నైనను సంఘమున నైనను, అలంకారమే యగును. మార్చుటకు వెఱవవలదు, కొలుచుటకు సోమరిపడవలదు.