మా నాలాకి ఒక బఫర్ కావాలి

సీఎస్ఈ వాళ్లకి బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఇంటర్నల్స్‌లో వచ్చే అయిదు మార్కుల ప్రశ్న. మా పిన్ని వాళ్ల గల్లీలో మాత్రం అది నిజంగా ఇంట్లోకి వస్తుంది. హైదరాబాద్‌లో నాలా పక్కనే వాళ్ల ఇల్లు. అరగంట గట్టి వాన పడితే చాలు, మ్యాన్‌హోల్ మూత లేస్తుంది. వాన నీళ్లు డ్రైనేజీ పైపుల్లోకి చేరతాయి, పైపు పట్టలేక మురుగుతో సహా రోడ్డు మీదకి కక్కేస్తుంది. అదంతా నాలాలోకి, అక్కణ్నుంచి మూసీలోకి. "వానొస్తే అందరూ పకోడీలు వేసుకుంటారు, మేం గుమ్మానికి ఇసుక బస్తాలు వేసుకుంటాం" అంటుంది పిన్ని, నవ్వుతూనే.

ఎస్టీపీలు కట్టొచ్చు కదా అంటారు. కడుతున్నారు కూడా. కానీ వాటికి రోజూ ఇంచుమించు ఒకే లెక్కలో నీళ్లు రావాలి. సంవత్సరంలో కొన్ని గంటలే వచ్చే వరదని పట్టేంత పెద్దది కడితే మిగతా రోజులు దండగ.

ఇటలీలో మిలాన్ వైపు గోర్లా మజ్జోరే అనే చిన్న ఊళ్లో ఇంకో పని చేశారు. వాన గట్టిగా పడినప్పుడు అక్కడి మురుగు పొంగి ఒలోనా నదిలో కలిసేది. దాన్ని పట్టడానికి నది ఒడ్డున గులకరాళ్లతో మడులు కట్టి, రెల్లులాంటి పొడుగు గడ్డి నాటారు. వాన మొదట్లో వచ్చే నీళ్లే అన్నిటికన్నా మురికి, ఎందుకంటే పైపు అడుగున పేరుకున్న బురదంతా అప్పుడే కొట్టుకొస్తుంది. అవి మడుల్లోకి పోతాయి. తర్వాత వచ్చే పలచని నీళ్లు పక్కనున్న చెరువులో ఆగి మెల్లగా నదిలోకి వెళ్తాయి. చుట్టూ జనం నడవడానికి పార్కు.

మొక్కలే మురికి తాగేస్తాయని చాలామంది అనుకుంటారు. అసలు పని రాళ్లకి పట్టిన జిగురు పొరలోని బ్యాక్టీరియాది. వేర్లు ఆ మడి పూడుకుపోకుండా చూస్తాయి. నాకు బాగా నచ్చింది ఏంటంటే, వాన వెలిశాక మడి ఖాళీ అయి లోపలికి గాలి వెళ్తుంది. వాన రోజు రాళ్లు పట్టి ఉంచిన అమ్మోనియాని బ్యాక్టీరియా అప్పుడు తీరిగ్గా నైట్రేట్‌గా మారుస్తుంది. పక్కా బ్యాచ్ ప్రాసెసింగ్!

మన దగ్గర నెక్నాంపూర్ చెరువులో 2018లో వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటివి తెప్పల మీద నాటి వదిలారు. నేల అక్కర్లేదు, మంచిదే. కానీ అది చెరువులోకి వచ్చేసిన మురికి సంగతి చూస్తుంది, గల్లీలో పొంగేదాన్ని ఆపదు.

ఇదంతా లాప్‌టాప్‌లో చూపిస్తే పిన్ని ఒక్కటే అడిగింది. "మరి ఆ మడులు ఎక్కడ కడతార్రా?" నాలా పక్కన అన్నాను. నాలా పక్కన ఉన్నది వాళ్ల ఇల్లే. నీళ్లు శుభ్రం చేస్తామంటూ ముందు మనుషుల్ని ఖాళీ చేయిస్తే దాన్ని పరిష్కారం అనలేం.

నా లెక్క ప్రకారం ఎగువన మొదలుపెట్టాలి. మేముండే కాలనీ అక్కడే, పార్కు కూడా ఉంది. పొంగే నీళ్లలో కొంత మా వైపు నుంచి దిగేవే. ఒకే పెద్ద మడి బదులు ఇలాంటి పార్కుల్లో చిన్న చిన్నవి కట్టొచ్చు. గడ్డి కోయడానికి, జల్లెడ తీసి కడగడానికి జీతమిచ్చి మనిషిని పెట్టాలి, లేకపోతే రెండేళ్లలో అదీ ఇంకో డంప్ యార్డే.

కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మురుగు నీళ్లు పార్కులోకా?" అని వెంటనే మూడు మెసేజ్‌లు. ఒక అంకుల్ మాత్రం దోమల సంగతి ఏంటని అడిగారు. ఆ మడుల్లో నీళ్లు పైకి కనపడవు అంకుల్, రాళ్ల కిందే ఉంటాయి అని రాసి, బొమ్మ గీస్తున్నాను.