కాటుకరేకుల పొడ

మా ఉద్దానంలో పాము కరిచిందని చాలామంది అనరు. "పురుగు ముట్టింది" అంటారు. పేరు పలికితే పిలిచినట్టేనన్న భయం కాబోలు. ఆ తర్వాత వేసే ప్రశ్న ఒక్కటే: "మనిషి దక్కాడా?" దక్కాడని తెలిస్తే అందరూ ఊపిరి పీల్చుకుని ఎవరి తోటకు వారు వెళ్ళిపోతారు. ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోవడమే నన్ను చాలా కాలంగా బాధిస్తున్న విషయం.

1780లలో విశాఖపట్నంలో కంపెనీ కొలువు చేసిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు మన కోస్తా పాములను సేకరించి, 1796లో లండనులో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. మనవాళ్ళు చెప్పిన పేర్లనే తన లిపిలో రాసుకున్నాడు. అందులోని 'కాటుకరేకుల పొడ' నేటి రక్తపింజరి. ఒంటినిండా కాటుక దిద్దినట్టు నల్లని అంచుల మచ్చలు. ఇంత అందమైన పేరు పెట్టినవాడెవడో గాని, దాన్ని తీరిగ్గా చూసి కూడా బతికి బయటపడినవాడై ఉండాలి. లోకానికి మాత్రం అది రస్సెల్ పేరుతోనే మిగిలింది. (కట్లపాముల శాస్త్రనామం 'బంగారస్' కూడా మన 'బంగారు' నుంచి వెళ్ళినదే.)

జీడిపిక్కలు రాలే రోజుల్లో ఆడవాళ్ళు నడుము వంచి, ఎండుటాకులను చేత్తో తోసుకుంటూ పిక్కలు ఏరుతారు. ఎండుటాకు రంగే ఆ పాము రంగు. అలికిడికి పారిపోయే స్వభావమూ దానికి తక్కువే.

దాని విషం రక్తానికి గడ్డకట్టే గుణాన్ని హరిస్తుంది. చిగుళ్ళ నుంచి, సూది గుచ్చిన చోటు నుంచి నెత్తురు ఆగదు. దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజుగొట్టంలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిపోతే విషం పని చేస్తున్నట్టే. గొట్టం గాజుదే కావాలి. ప్లాస్టిక్‌ది పనికిరాదు, సబ్బుతో కడిగినదీ పనికిరాదు. ఒక ప్రాణం ఇంత చిన్న వస్తువు మీద ఆధారపడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అదే విషం మూత్రపిండాలను కూడా పట్టుకుంటుంది. సన్నని రక్తనాళాలలో గడ్డలు, పడిపోయిన రక్తపోటు, విషం నేరుగా చేసే హాని, అన్నీ కలిసి వాటిని దెబ్బతీస్తాయి. గుర్రాల రక్తం నుంచి తయారయ్యే విరుగుడు మందు నెత్తురులో తిరిగే విషాన్ని అణచగలదు గాని, అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాన్ని వెనక్కి తేలేదు. అందుకే ప్రతి గంటా విలువైనది. మంత్రానికి, కట్టు బిగించడానికి, గాటు పెట్టడానికి పోయిన గంటలు మూత్రపిండాల ఖాతాలో పడతాయి.

వరసకు నాకు పిన్ని అయ్యే ఒకామెకు తోటలో చేతి మీద కరిచింది. ఆ పూటే మందు ఎక్కించారు, రక్తం గడ్డకట్టసాగింది, ఇంటికి పంపారు. "దక్కింది" అనుకున్నాం. మూడోనాటికి ముఖం ఉబ్బింది. మూత్రం బాగా తగ్గింది. అడిగితే, "నీళ్ళు తాగలేదు కదా నాయనా, అందుకే" అంది. చేతి వాపుకు ఎవరో ఇచ్చిన నొప్పిబిళ్ళలు కూడా మింగుతోంది. అవి మూత్రపిండాలకు మరో దెబ్బ. విశాఖలో కొన్ని వారాలు డయాలసిస్ జరిగింది. మనిషి తిరిగి వచ్చింది, మెడలో గొలుసు రాలేదు. క్రియాటినిన్ పూర్తిగా దిగలేదు.

ఇలాంటివారిలో ఎక్కువమంది కోలుకుంటారన్నది నిజం. కొందరికి మాత్రం మూత్రపిండపు పైపొర చచ్చిపోతుంది. వారిది ఇక జీవితకాలపు జబ్బు. మరి ఇది ఉద్దానం. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఇక్కడి పెద్దవారిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి ఉందని చెప్పింది. కారణం నేటికీ తేలలేదు. పాముకాటే దానికి కారణమని నేను అనడం లేదు. ఆ మాట అబద్ధం కూడా. కాని ముందే అరిగిన మూత్రపిండం మీద కాటు పడితే దానికి తట్టుకునే శక్తి ఎంత మిగిలి ఉంటుంది? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. మంచిదే. పాము కరిచి ఇంటికి చేరిన మనిషి వారానికో, నెలకో ఒకసారి రక్తపరీక్షకు అక్కడికి రావాలని ఎవరైనా చెప్పాలి కదా.

తీరం వెంట చేపల వలల్లో పడే సముద్రపు పాములది మరో కథ. వాటి విషం కండరాలను కరిగిస్తుంది. ఆ కరిగినదంతా చేరి అడ్డుపడేది మళ్ళీ మూత్రపిండాలకే. మన విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటికే. సముద్రపు పాములకు అది చెల్లదు.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో చనిపోయినవారు 12 లక్షలని, అంటే ఏడాదికి సగటున 58,000 మంది అని 2020లో ఒక పరిశోధన లెక్కకట్టింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మనదీ ఉంది. 2024 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రతి పాముకాటునూ, మరణాన్నీ నమోదు చేయించేలా నిబంధన పెట్టమని రాష్ట్రాలను కోరింది. మా పిన్ని లాంటివారు ఆ లెక్కలో కాటుగా ఒకసారి కనిపిస్తారు. నాలుగేళ్ళకు డయాలసిస్ మంచమెక్కితే మరో పుస్తకంలో, మరో జబ్బు పేరుతో కనిపిస్తారు. ఆ రెండో పుస్తకంలో "ఎప్పుడైనా పురుగు ముట్టిందా?" అనే గడి ఒకటి ఉంటే బాగుండును. ప్రశ్న ఆ మాటల్లోనే ఉండాలి. 'సర్పదష్టం' అని అడిగితే మా ఊళ్ళో ఎవరూ అవుననరు.