టైల్స్ వెనక రాయి

కొత్తకోట బడిలో నాకు ఎప్పుడూ తప్పు పోని ఏడాది 1518. బహమనీల మీద తిరగబడి సుల్తాన్ కులీ స్వతంత్రం ప్రకటించుకున్నాడు, కుతుబ్‌షాహీ రాజ్యం ఏర్పడింది. ఒక మార్కు ఖాయం. ఆ తర్వాత ఇంజనీరింగు, హైదరాబాదులో ఉద్యోగం. ఆఫీసు నుంచి గోల్కొండ అరగంట దూరం. అయినా ఆ 1518ని వెళ్ళి చూడటానికి నాకు పదేళ్ళు పట్టింది.

చూడటం అంటే నిజంగా చూడటమే. బాలాహిసార్ దర్వాజా దగ్గర జామీ మసీదు ఉంది. చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వినాలనే తొందరలో జనం దాని పక్కనుంచే వెళ్ళిపోతారు. నేనూ రెండుసార్లు అలాగే వెళ్ళిపోయాను. కట్టించింది సుల్తాన్ కులీ. దాని శాసనంలో ఉన్న ఏడాది హిజ్రీ 924, అంటే మన 1518. ఇంతవరకూ పాఠ్యపుస్తకంతో పేచీ లేదు. పేచీ ఆ పక్కనే ఉంది: ఈ మసీదు మహమూద్ షా బహమనీ పాలనలో కట్టినదని ఆ రాయి చెబుతోంది. స్వతంత్రం ప్రకటించుకున్నాడని నేను రాసి మార్కు తెచ్చుకున్న ఏడాదిలోనే, సొంత కోటలో, సొంత డబ్బుతో కట్టించిన మసీదు మీద ఆయన తన ప్రభువు పేరు చెక్కించాడు.

(సుల్తాన్ అన్నది ఆయన పేరులో మాటే, బిరుదు కాదు. బహమనీలు ఇచ్చిన బిరుదు కుతుబ్ ఉల్ ముల్క్. ఇది కూడా నాకు బడిలో ఎవరూ చెప్పలేదు.)

అలాగని ఆయన ఎవరికో అణిగిమణిగి ఉన్నాడని కాదు. బీదరులో బహమనీ సుల్తాను అప్పటికే బరీదుల చేతిలో బొమ్మ. ఇక్కడ కోట, సైన్యం, పన్నులు అన్నీ కులీవే. కానీ అధికారం చేతికి రాగానే రాజునని చాటుకుంటారని మనం అనుకుంటాం. ఆయన చాటుకోలేదు. 1543లో ఈ మసీదులోనే నమాజు చేస్తుండగా ఆయన్ని చంపారనీ, వెనక ఉన్నది కొడుకు జంషీద్ అనీ అంటారు. సమాధి మీద కూడా ఆయన్ని ‘బడే మాలిక్’ అనే చెక్కారు. చరిత్రకారుడు హెచ్.కె. షేర్వానీ ఈ రాళ్ళ ఆధారంతోనే ఆ స్వతంత్ర ప్రకటన కథని ఒప్పుకోలేదు. వాదనకి ఆయనకి దొరికినవి మసీదు గోడ మీద నాలుగు ముక్కలు, సమాధి మీద నాలుగు ముక్కలు. అవి చెరిగిపోయి ఉంటే నా ఒక మార్కుకి ఎదురే లేదు.

అవి చెరిగిపోకపోవడం దానంతట అది జరగలేదు. 1914లో నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దానికి అధిపతిగా వచ్చిన గులాం యజ్దానీ గోల్కొండ శాసనాలు చదివి అచ్చు వేయించారు. ఇప్పుడు కోట కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది. పక్కనే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు పదేళ్ళకు పైగా పనిచేశారు. అందులో పెద్ద పని, వెనకటి మరమ్మత్తుల్లో పూసిన సిమెంటు గీకేసి మళ్ళీ సున్నం వేయడం.

ఆ సిమెంటు సంగతి చదువుతుంటే నాకు మా వైపు ఒక ఊరి మసీదు గుర్తొచ్చింది. ఊరి పేరు వద్దు. చిన్నప్పుడు నా దోస్తుతో సైకిల్ మీద వాళ్ళ తాతగారింటికి పోయేవాణ్ణి. గుమ్మం మీద నల్లరాయి, దాని మీద అక్షరాలు. ఏం రాసుందని ఒకసారి ఆ తాతని అడిగితే, “చదివెటోళ్ళు పోయిండ్రు బిడ్డా” అన్నాడు. మూడేళ్ళ కిందట ఆ మసీదుకి మరమ్మత్తులు మొదలుపెట్టారు. దోస్తు ఫోన్ చేశాడు, ఐదువేలు పంపాను. అయిపోయాక ఫొటో పెట్టాడు. గోడంతా మెరిసే ఆకుపచ్చ టైల్స్. “మస్తుందిరా” అని జవాబిచ్చాను. ఆ ఫొటోలో గుమ్మం కనిపిస్తూనే ఉంది. రాయి ఏదని నాకు తట్టలేదు.

గోల్కొండ నుంచి వచ్చిన రాత్రి వాడికి ఫోన్ చేశాను.

“గుమ్మం మీద రాయి తీసిండ్రారా?”

“తియ్యలే. టైల్స్ ఎన్కలనే ఉంది. యాడికి పోతది?”

“మీద సిమెంటు పెట్టిండ్రా?”

“పెట్టకుంటే టైల్ ఎట్ల నిలుస్తదిరా?”

వాడి మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. వానకి కారే గోడని వాళ్ళు బాగు చేసుకున్నారు, నా ఐదువేలూ అందులో ఉంది. పాత ఫొటోలేమైనా ఉన్నాయేమో వెతకమన్నాను. నాగపూర్‌లో అరబీ, ఫారసీ శాసనాలు చదివే ప్రభుత్వ శాఖ ఒకటి ఉందనీ, ఫొటో స్పష్టంగా ఉంటే వాళ్ళకి పంపుదామనీ చెప్పాను. వారం తర్వాత వాళ్ళ అక్క పెళ్ళినాటి ఫొటో ఒకటి పంపాడు. గుమ్మం ముందు పదిమంది నిలబడ్డారు. రాయి సగం పైకి షామియానా జాలరు వేలాడుతోంది. కింద వరసలో అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ, పెద్దది చేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతున్నాయి. నెగెటివ్ ఉందేమో కనుక్కోమన్నాను. ఫొటో తీసిన స్టూడియో అతను ఇప్పుడు కర్నూలులో ఉన్నాడట. నంబరు వెతుకుతున్నాడు.