మన ఒంటికి ఏ రంగు నప్పుతుంది?

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థిగా ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్ళు కబురు చేశారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి, జీవిత లక్ష్యం గురించి పెద్దలు ఎలాగూ రాస్తారు. నేను చొక్కా రంగు గురించి రాస్తాను. నవ్వుకున్నా ఫరవాలేదు. డిగ్రీ చదివే రోజుల్లో రెండు వేసవులు ఒక బట్టల షాపు కౌంటరులో పనిచేశాను కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది.

మన హాస్టల్లో ఎవరూ రాయని చట్టం ఒకటి ఉండేది. నల్లగా ఉన్నవాడు లేత రంగులే వేసుకోవాలి, ముదురు రంగులు తెల్లగా ఉన్నవాళ్ళకే బాగుంటాయి అని. యూనిఫాం ఉన్నన్నాళ్ళూ సమస్య లేదు. ఒకే తానులోంచి కోసిన బట్ట, ఒకే టైలరు, ఒకే వదులు. అందులో అందరం ఒక్కలాగే ఉండేవాళ్ళం. సంక్రాంతికో క్రిస్మస్‌కో ఇంటికెళ్ళి కొత్త బట్టలతో తిరిగొచ్చినప్పుడే తీర్పులు మొదలయ్యేవి. ఒకసారి మా గదిలోని కుర్రవాడు ముదురు ఎరుపు చొక్కా వేసుకుని వచ్చాడు. "బొగ్గుల బస్తాకు నిప్పంటుకుందిరా" అన్నారెవరో. గదంతా నవ్వింది. ఆ చొక్కా మళ్ళీ ట్రంకు పెట్టెలోంచి బయటికి రాలేదు. వాళ్ళమ్మ మిరపకాయల కోతకు వెళ్ళి తెచ్చిన కూలి డబ్బుతో కొన్న చొక్కా అది.

షాపులో చేరాక అదే చట్టం మళ్ళీ విన్నాను. యజమాని మొదటి రోజే చెప్పాడు, మనిషి రంగు చూసి తాను తియ్యమని. నల్లటివాళ్ళకు గంధం రంగు, బిస్కెట్ రంగు, లేత బూడిద రంగు. తెల్లటివాళ్ళకు ఏదైనా సరే. నేను అలాగే చూపించేవాణ్ణి. కానీ కౌంటరు వెనక నిలబడినవాడికి ఒక సౌకర్యం ఉంటుంది. వచ్చినవాళ్ళు బట్టను గడ్డం కింద పట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే, వాళ్ళు చూసేది బట్టను, మనం చూసేది ముఖాన్ని. రోజుకు ఎన్నో ముఖాలు. బిస్కెట్ రంగు పట్టుకున్నప్పుడు నల్లటి ముఖం అలిసిపోయినట్టు, జ్వరం నుంచి లేచినట్టు కనిపించేది. అదే మనిషి నెమలికంఠం రంగో, వంగపండు రంగో, మామిడిపండు పసుపో పట్టుకుంటే కళ్ళు, పళ్ళు, బుగ్గలు అన్నీ ఒక్కసారి తేరుకునేవి. తెలుపు సంగతి వేరు. మల్లెపువ్వు లాంటి తెలుపు నల్లటి ఒంటి మీద చాలా బాగుంటుంది. లేతగా, మాసినట్టుగా ఉండే మధ్యరకం రంగులతోనే చిక్కు. ఒంటి రంగుకు దగ్గరగా ఉండే మట్టి రంగు, వక్కపొడి రంగు కూడా అంతే. బట్ట ఎక్కడ అయిపోయిందో మనిషి ఎక్కడ మొదలయ్యాడో తెలియదు.

ఇది నా కంటి భ్రమేమో అనుకునేవాణ్ణి. తరువాత చదివితే తెలిసింది, దీనికి శాస్త్రం ఉందని. ఫ్రాన్సులో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త 1824లో గోబెలిన్ తివాచీల కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధికారిగా చేరాడు. నల్ల రంగు సరిగా దిగడం లేదని అక్కడ ఫిర్యాదు. పరీక్షిస్తే రంగులో లోపం లేదు. దాని పక్కన నేసిన రంగుల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. అందులో మనుషుల ఒంటి రంగు, దుస్తుల రంగు గురించి కూడా చర్చించాడు. ముదురు రంగు పక్కన చర్మం కాంతిగా కనబడుతుంది. పాలిపోయిన లేత రంగు పక్కన అదే చర్మం ఇంకాస్త నల్లబడినట్టు కనబడుతుంది. అంటే మన హాస్టల్ చట్టం తలకిందులుగా ఉందన్నమాట!

అంత దూరం పోనక్కరలేదు. మన పురాణాల్లో నల్లనయ్యకు ఏ బట్ట కట్టారు? పీతాంబరం. పచ్చని పసుపు పట్టుబట్ట. దేవుణ్ణి నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు, వేరే దేవుణ్ణి నమ్మేవాళ్ళు కూడా ఒక్కమాట ఒప్పుకోవాలి. నలుపు మీద పసుపు ఎంత అందమో ఆ కట్టినవాళ్ళకు తెలుసు. (క్యాలెండర్ల వాళ్ళు ఆయన్ను నీలంగా మార్చేశారు, అది వేరే కథ.)

ఇప్పుడు మీరు ఫోన్లలో చూస్తుంటారు, మణికట్టు మీద నరాలు నీలంగా ఉంటే వెండి నప్పుతుంది, పచ్చగా ఉంటే బంగారం నప్పుతుంది అని. మనిషిని వసంతం, గ్రీష్మం, శరత్తు, శీతకాలం అని నాలుగు ఋతువులుగా విడదీసే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో కెరోల్ జాక్సన్ 1980లో రాసిన పుస్తకంతో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. తెల్లటి చర్మాల్లోని తేడాలు చూసి కట్టిన లెక్క అది. మనలో చాలామందికి మణికట్టు దగ్గర నరాలే సరిగా కనిపించవు, ఇక వాటి రంగు ఏం చూస్తాం? వెండి కొనాలా బంగారం కొనాలా అన్నది మనకంత తొందరగా వచ్చే సమస్య కూడా కాదు.

అయితే కంటికి ఇంత స్పష్టంగా కనిపించే విషయం అందరూ తలకిందులుగా ఎందుకు చెప్పుకుంటున్నారు? దీనికి జవాబు కూడా షాపులోనే దొరికింది. మా యజమాని ఒకసారి, ముదురు గులాబీ చీర కోరి కొనుక్కెళ్ళిన ఒక కూలి తల్లి మెట్లు దిగగానే, "ఆ పేట వాళ్ళకు గాడీ రంగులే కావాలి" అన్నాడు. అదే చీరను మరుసటి వారం ఒక ఆఫీసరు గారి భార్య తీసుకుంటే, "మేడమ్ గారి సెలక్షనే వేరు" అన్నాడు. చీర ఒకటే, తాను ఒకటే.

డాక్టర్ అంబేద్కర్ 1936లో ప్రచురించిన కుల నిర్మూలన పుస్తకంలో ఒక పత్రికా వార్తను ఎత్తి చూపారు. 1928 జనవరి నాటి వార్త. ఇందోర్ ప్రాంతంలో బలాయి అనే అంటరాని కులం వాళ్ళకు పై కులాల వాళ్ళు నియమాలు పెట్టారు. జరీ అంచు తలపాగా చుట్టకూడదు. రంగు అంచు ఉన్న పంచె కట్టకూడదు. ఆడవాళ్ళు వెండి బంగారాలు పెట్టకూడదు. మన లైబ్రరీ బీరువాలో ఆ పుస్తకం ఉంటే తీసి చూడండి. రంగు అంచు పంచె కట్టినంత మాత్రాన ఎవరికి ఏం నష్టం? అయినా దాన్ని నిషేధించారు. దూరం నుంచే కనిపిస్తాడని కాబోలు. "నీకు లేత రంగులే బాగుంటాయిలే" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ పంచె అంచు గుర్తొస్తుంది. అన్నవాడికి ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు. మాట మాత్రం అక్కడి నుంచి నడిచొచ్చిందే.

నల్లటివాళ్ళు అన్ని కులాల్లోనూ ఉన్నారు, మన హాస్టల్లో పాల మీగడ రంగువాళ్ళూ ఉండేవాళ్ళు. చర్మంలో రంగునిచ్చే కణాల సంఖ్య మనుషులందరిలో దాదాపు ఒకటే. అవి తయారు చేసే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదే తేడా. ఎండ నుంచి కాపాడే గొడుగు అది. ఆ గొడుగును చెరిపేస్తామని చెప్పే క్రీముకు గర్ల్స్ హాస్టల్లో కాస్మెటిక్ చార్జీల డబ్బు ఎంత పోయిందో చెల్లెళ్ళకే తెలుసు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరులోంచి ఫెయిర్ అనే మాట తీసేసుకుంది. పేరులో "గ్లో" పెట్టుకుని ఇంకా అమ్ముడవుతూనే ఉంది లెండి.

ఇక పనికొచ్చే మాటలు. షాపులో ట్యూబులైటు కింద చూసి కొనకండి. సిగ్గుపడకుండా గుమ్మం దాకా తీసుకెళ్ళి పగటి వెలుతురులో గడ్డం కింద పట్టుకుని చూడండి. పక్కనున్న మిత్రుణ్ణి బట్ట ఎలా ఉందని అడగవద్దు, ముఖం ఎలా ఉందని అడగండి. ముదురు రంగు బట్టను తిరగేసి నీడలో ఆరేస్తే తొందరగా వెలవదు. మన డాబా మీద మిట్టమధ్యాహ్నం ఆరేస్తే ఏ రంగైనా రెండు నెలలే.

ఫోటోల సంగతి ఇంకా ముఖ్యం, హాల్ టికెట్టు మీద, బస్ పాస్ మీద అది ఏడాదంతా మనతో ఉంటుంది. కెమెరా తన ముందున్న వెలుగునంతా కలిపి లెక్క వేసుకుంటుంది. తెల్ల గోడ, తెల్ల చొక్కా ఉంటే "ఇక్కడ వెలుగు ఎక్కువుంది" అనుకుని మొత్తం తగ్గిస్తుంది. అప్పుడు గోడ, చొక్కా బాగానే ఉంటాయి, ముఖం మాత్రం చీకట్లోకి పోతుంది. వెనకటి రోజుల్లో కోడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి షిర్లీ కార్డు అని పంపేది. దాని మీద తెల్ల అమ్మాయి బొమ్మ ఉండేది. ఆమె చర్మం సరిగా వస్తే ఫోటో సరిగా వచ్చినట్టే. నల్లవాళ్ళ ముఖాలు సరిగా రావడం లేదన్న మాట కన్నా, 1970లలో చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు తమ సరుకు రంగు సరిగా పడటం లేదని చేసిన ఫిర్యాదులే ఆ కంపెనీని ఎక్కువగా కదిలించాయి. ఇప్పటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి, అయినా తెల్ల గోడ దగ్గర ఇంకా తడబడతాయి. అందుకని పాస్‌పోర్టు సైజు ఫోటోకు నీలం, మెరూన్, ముదురు ఆకుపచ్చ చొక్కాలు వేసుకోండి.

వార్షికోత్సవం రోజు తీసే గ్రూపు ఫోటోకు అందరూ తెల్ల చొక్కాలు వేసుకురావాలని నోటీసు పెడతారు. మా బ్యాచ్ ఫోటో నా దగ్గర ఉంది. నాలుగు వరసల్లో తళతళలాడే చొక్కాలు, వాటి పైన ఎవరు ఎవరో పేర్లు చదువుకుంటే గాని తెలియని ముఖాలు. ఈ ఏడు వార్డెన్ గారిని అడిగి చూడండి, ఆ రోజుకు ఎవరికి ఇష్టమైన రంగు వాళ్ళను వేసుకోనివ్వమని. ఎండ ఎదురుగా ఉండేలా వేపచెట్టుకు ఇవతల నిలబడండి. ఫోటో వచ్చాక నాకు ఒక కాపీ పంపండి.